రైన్‌లాండ్ "పాత సేకరణ" హెల్మెట్: గిన్నె వయసు వేరు, చెంప పలక వయసు వేరు

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటున్న మిత్రుడు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. ఒక వ్యాపారి దగ్గర వైజెనావ్ రకం రోమన్ సైనిక హెల్మెట్ చూశారు. జర్మనీలో రైన్ నది ప్రాంతమైన రైన్‌లాండ్‌లోని ఒక పాత సేకరణ నుంచి వచ్చిందని చెప్పారట. ఒళ్ళంతా పచ్చటి చిలుము, రెండు చెంప పలకలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి, మెడ పలక మీద చుక్కలతో పొడిచిన ఒక పేరు. దాంతోపాటు వ్యాపారి సొంతంగా రాసిచ్చే సర్టిఫికెట్, ఒక ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఎక్స్‌రేలతో లోహాల పాళ్ళు కొలిచే) పరీక్ష కాగితం. అందులో గిన్నె భాగానికి, అంటే తలను కప్పే భాగానికి, రాగి 63.5, జింక్ 35.8 శాతం. ఎడమ చెంప పలకకు రాగి 79, జింక్ 18, తగరం 1.6, కాస్త సీసం, కాస్త ఇనుము. దగ్గరి ఫోటోలు కూడా పంపి, అసలుదేనా, కొనొచ్చా అని అడుగుతున్నారు.

కొనకండి. గిన్నె భాగం ఆధునిక ఇత్తడి రేకుతో చేసింది. ఎడమ చెంప పలక సంగతి వేరు, అది నిజంగానే రోమన్ కాలపు ముక్క అయ్యుండొచ్చు. మ్యూజియం లాబ్‌లో లోహపు పురావస్తువుల మీద పనిచేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, మొత్తం నకిలీ అయిన హెల్మెట్‌ను పట్టుకోవడం అంత కష్టం కాదు. నిజమైన ముక్క ఒకటి కలిసినవే కష్టపెడతాయి. ఆ ముక్క మీద చేసిన పరీక్షను చూపించి మొత్తానికీ అదే వయసు అంటగడతారు. అందుకే హెల్మెట్ మొత్తాన్ని పట్టుకుని "ఇది అసలుదా" అని అడిగితే సరైన జవాబు రాదు. గిన్నె, మెడ పలక, నుదుటి పట్టీ, చెవి రేకులు, చెంప పలకలు, వాటి మడత బందులు, రివిట్లు, పేరు రాత, వీటిలో ప్రతిదాన్నీ విడివిడిగా అడగాలి.

ముందు లోహం సంగతి. వ్యాపారి తనకు తెలియకుండానే ఆ కాగితంలో మీకు జవాబు ఇచ్చేశారు.

రోమన్లు జింక్‌ను విడి లోహంగా తీసి ఇత్తడి చేసినవాళ్ళు కాదు. జింక్ 907 డిగ్రీల దగ్గరే ఆవిరైపోతుంది. ఖనిజాన్ని మామూలు కొలిమిలో కాలిస్తే లోహం చేతికి రాకుండా పొగలో పోతుంది. అందుకని వాళ్ళు రాగి ముక్కలు, జింక్ ఖనిజం, బొగ్గుపొడి కలిపి మూతపెట్టిన మూసలో, రాగి కరిగే వేడికి కొంచెం తక్కువలో ఉంచేవాళ్ళు. జింక్ ఆవిరి రాగిలోకి మెల్లగా ఇంకేది. ఈ పద్ధతిలో రాగి పీల్చుకునే జింక్ సుమారు 28 శాతం దగ్గర ఆగిపోతుంది. రోమన్ ఇత్తడిలో మామూలుగా కనిపించేది 15 నుంచి 25 లోపు. పాత సామాను కరిగించి మళ్ళీ పోసినప్పుడల్లా కొంత జింక్ ఎగిరిపోయి ఇంకా తగ్గుతుంది. జింక్ ఆవిరిని చల్లార్చి లోహంగా పట్టుకునే విద్యను పెద్ద ఎత్తున సాధించింది మన దేశంలోనే, రాజస్థాన్‌లోని జావర్ గనుల్లో. అది పశ్చిమ రోమన్ సామ్రాజ్యం కూలిన శతాబ్దాల తర్వాతి ముచ్చట. యూరప్‌లో ఆ పనికి విలియం ఛాంపియన్ బ్రిస్టల్‌లో పేటెంట్ తీసుకున్నది 1738లో. విడి జింక్ కావలసినంత దొరికాకే 30 శాతం దాటిన ఇత్తడి మామూలు సరుకైంది. ఇవాళ రేకుల కొట్టులో దొరికే ఇత్తడి 63 పాళ్ళ రాగి, 37 పాళ్ళ జింక్ దగ్గరే ఉంటుంది. మీ గిన్నె అంకెలు సరిగ్గా అక్కడే ఉన్నాయి.

ఇంకో సంగతి దీన్ని మరీ గట్టిపరుస్తుంది. ఇత్తడి నేలలో పడి ఉంటే పై పొరలోంచి ముందుగా పోయేది జింకే. ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం వస్తువు లోతుల్లోకి చూడదు, పైపైని పలుచని పొరనే చూస్తుంది. కాబట్టి పూడిపోయిన ఇత్తడి మీద అది చూపే జింక్ అసలు పాళ్ళ కంటే తక్కువగా ఉండాలి. చిలుము మీదనుంచి కొలిచినా 35.8 వచ్చిందంటే, ఆ చిలుము కింద లోహం నేల ఎరగనిది. పైగా రాగి, జింక్ కలిపితే 99.3 అయిపోయింది. మిగతా వాటికి చోటే లేదు. పాత రాగిలో సీసం, తగరం, ఆర్సెనిక్, యాంటిమొనీ, వెండి వంటివి ఏవో కొన్ని జాడలుగా మిగిలేవి. విద్యుత్తుతో శుద్ధి చేసిన రాగి 19వ శతాబ్దపు రెండో సగంలో వచ్చాకే లోహం ఇంత శుభ్రమైంది.

ఎడమ చెంప పలక అంకెలు మాత్రం రోమన్ ఇత్తడికి చక్కగా నప్పుతాయి. అంతమాత్రాన అది అసలుదని తేలదు. పనికిరాని రోమన్ ముక్కలు కొని కరిగించి కొత్త వస్తువు పోసేవాళ్ళు ఉన్నారు. పాళ్ళు తప్పితే వస్తువును తోసెయ్యొచ్చు, పాళ్ళు కుదిరితే తర్వాతి పరీక్షకు పంపాలి, అంతే.

ఇక ఆకారం. వైజెనావ్ అనేది మీకు దగ్గరలోని మైన్స్ నగరంలో ఒక భాగం, ఆ రకానికి పేరు అక్కడిదే. 1975లో రోమన్ కవచాల పరిశోధకుడు రస్సెల్ రాబిన్సన్ ఇదే కుటుంబాన్ని ఇంపీరియల్ గాలిక్, ఇంపీరియల్ ఇటాలిక్ అని విడదీసి ఒక్కో ఉపరకానికి ఒక్కో అక్షరం ఇచ్చారు. నుదుటి మీద ఉబ్బెత్తు కనుబొమ్మలు గాలిక్ గుర్తు. చెవి పైన రేకులు, మెడ వెనక మెట్లు మెట్లుగా తీసిన ఉబ్బు గీతలు, విడిగా బిగించిన నుదుటి పట్టీ, తురాయి పెట్టుకునే అమరిక, మెడ పలక మీద మోసుకెళ్ళే పిడి, ఇవన్నీ ఈ కుటుంబంలో చూడాల్సినవి. ఎక్కువ భాగం ఇనుముతో చేసినవే, ఇత్తడివీ దొరికాయి. గిన్నె మీద అడ్డంగా బిగించిన పట్టీలు ఉంటే, అవి రోమన్ చక్రవర్తి ట్రాజన్ డేసియా (నేటి రొమేనియా) మీద చేసిన యుద్ధాల కాలం, అంటే క్రీ.శ. 101-106 ప్రాంతం నుంచి కనిపిస్తాయి. పాత హెల్మెట్లకు తర్వాత తగిలించిన పట్టీలు నిజంగానే ఉన్నాయి కాబట్టి పట్టీ ఉందని మాత్రమే అనుమానించకండి. పట్టీ కింద చిలుము, పక్కన చిలుము ఒకే కథ చెబుతున్నాయా అన్నది చూడాలి.

ఆకారంలో ఎక్కువమంది బోల్తాపడేది ఒక చోట. పుస్తకంలో బొమ్మకు అచ్చుగుద్దినట్టు సరిపోయిందని సంతోషిస్తారు. సైనిక చరిత్ర ప్రదర్శనల కోసం హెల్మెట్ నమూనాలు తయారుచేసే వర్క్‌షాపులు పనిచేసేది ఆ బొమ్మలు పెట్టుకునే. వాటిలో చాలా భాగం మన దేశంలోనే, మీరట్, డెహ్రాడూన్ వైపు తయారై యూరప్, అమెరికాలకు వెళతాయి. అది నిజాయితీగా చేసే వ్యాపారమే, నమూనా అనే అమ్ముతారు. తర్వాత ఎవరో మధ్యవర్తి దానికి ఆమ్లం పట్టించి, మట్టి పూసి, ఒక చెంప పలక పీకేసి "తవ్వకంలో దొరికింది" అంటాడు. రోమన్ కాలంలో ప్రతి గిన్నెనూ ఒక పనివాడు చేత్తో సాగగొట్టాడు. రెండు హెల్మెట్ల మీద నగిషీ, రివిట్ల దూరాలు, కనుబొమ్మల వంపు మిల్లీమీటరు తేడా లేకుండా కలవవు. మీరు చూసిన హెల్మెట్ ఫోటోను మార్కెట్లో దొరికే నమూనాల ఫోటోల పక్కన పెట్టి చూడండి. రివిట్లు అవే చోట్ల ఉంటే ఇక వెతకాల్సిన పని లేదు.

నేనైతే ఏ హెల్మెట్ చేతికొచ్చినా ముందు తిరగేసి లోపల చూస్తాను. బయటివైపు కొనేవాడి కోసం తయారవుతుంది, లోపలివైపు మీద అంత శ్రద్ధ పెట్టరు. లైటును పక్కనుంచి ఏటవాలుగా పట్టుకుని, పది రెట్ల భూతద్దంతో చూడాలి. సుత్తితో సాగగొట్టిన గిన్నెలో దెబ్బల వరసలు లోపల కనిపిస్తాయి, కాలిపర్‌తో కొలిస్తే మందం చోటుచోటుకూ మారుతుంది. మిల్లులో తీసిన రేకుకు ఆ అసమానత ఉండదు. గుండ్రటి గీతలు కనిపించగానే "లేత్ మీద తిప్పారు, కొత్తది" అని కూడా అనకండి. కూలూస్ అనే ఇంకో రోమన్ రకం హెల్మెట్లను రోమన్ కాలంలోనే తిప్పుతూ నునుపు చేశారు, నడినెత్తిన ఆ కేంద్రపు గుంట కూడా మిగిలి ఉంటుంది. రివిట్ రంధ్రాలు గుద్దితే అంచు ఒకవైపుకి చిట్లుతుంది. డ్రిల్లు బిట్ వేస్తే నిలువుగా, శుభ్రంగా, అన్నీ ఒకే కొలతలో వస్తాయి. అతుకులో కాడ్మియం కనిపిస్తే ఆ అతుకు ఆధునికం, కాడ్మియం అనే మూలకాన్ని కనుక్కున్నదే 1817లో. అసలు హెల్మెట్‌కు ఆధునిక మరమ్మతు కూడా జరిగి ఉండొచ్చు కాబట్టి ఆ తీర్పు అతుకు వరకే.

లోపల ఇంకోటి కూడా దొరుకుతుంది. లైనింగ్‌గా వేసిన బట్టో, తోలో లోహపు లవణాల్లో నానిపోయి రాయిలా గట్టిపడి, నేత పోగులు మిగిలిపోతాయి. ఇది దొరికితే బంగారంతో సమానం. అందుకే దయచేసి ఎవరూ పాత హెల్మెట్ లోపల బ్రష్ పెట్టి తోమకండి, నిమ్మరసం, వెనిగర్ దగ్గరికి రానివ్వకండి. ఒక్క సాయంత్రం చేసిన శుభ్రం రెండువేల ఏళ్ళు నిలిచిన సాక్ష్యాన్ని తుడిచేస్తుంది. నాకు నిజంగా కడుపు మండేది ఈ విషయంలోనే.

చిలుము గురించి. ఇంట్లో పాత ఇత్తడి బిందెకు పట్టే పచ్చదనం చూసిన అలవాటుతో పచ్చగా ఉంటే పాతదే అనుకుంటాం. నేలలో పూడిన రాగి లోహాలకు పొరలుంటాయి. లోహానికి ఆనుకుని ఎర్రటి క్యూప్రైట్, దాని మీద పచ్చటి మలకైట్, ఒక్కోచోట నీలి అజురైట్. ఈ పొరలు లోహంలోకి దిగి, రేణువుల మధ్య సందుల్లోంచి లోపలికి పాకి ఉంటాయి. సుత్తితో కొట్టి, కాల్చి, మళ్ళీ కొట్టిన లోహపు రేణువుల్లో సూక్ష్మదర్శిని కింద జంట గీతలు కనిపిస్తాయి, తుప్పు ఆ గీతల వెంబడే నడిచి ఉంటుంది. ఇది ఏ రసాయనంతోనూ నెలల్లో తెప్పించలేనిది. నవాసాగరం, రాగి లవణాలు పూసి తెప్పించిన పచ్చదనం కింద ఎర్ర పొర లేకుండా నేరుగా మెరిసే లోహం తగులుతుంది. రంగు, జిగురు, పుట్టీ కలిపి పూసినవి అతినీలలోహిత దీపం కింద పాల తెలుపుగానో నీలంగానో వెలుగుతాయి. అసిటోన్ అద్దిన దూదికి పచ్చరంగు అంటుకుంటే అది పెయింటు. కానీ ఆ పరీక్ష మీరు చేయొద్దు, పాత రక్షణ పూతలు కూడా దానికి కరిగిపోతాయి, అది తెలిసినవాళ్ళ పని. లేత పచ్చటి పొడి రాలుతుంటే దాన్ని పాతదనానికి గుర్తుగా మురిసిపోకండి. అది క్లోరైడ్ల వల్ల వచ్చే జబ్బు, వస్తువును తేమలేని చోట పెట్టి వెంటనే కన్జర్వేటర్‌కు (పురావస్తువులను కాపాడే నిపుణుడికి) చూపించాలి.

"రైన్ నదిలో దొరికింది" అని కూడా అంటారు, నిజంగా రైన్, వాల్ నదుల్లో పూడిక తీసేటప్పుడు ఎన్నో హెల్మెట్లు బయటపడ్డాయి. అయితే నది అడుగున గాలి తగలని బురదలో ఉన్నవి పచ్చగా ఉండవు. గోధుమరంగులోనో, బంగారు ఛాయలోనో ఉంటాయి, గులకరాళ్ళ గీతలు పడి ఉంటాయి. పొలంలో దొరికినట్టు పచ్చగా మెరుస్తూ నది కథ చెబుతుంటే ఆ రెండూ పొసగవు.

ఇనుప హెల్మెట్‌కు పరీక్ష ఇంకోలా ఉంటుంది. రోమన్ ఇనుము కరగకుండా ముద్దగా తీసి సుత్తితో సాగగొట్టినది, కాబట్టి లోపల చిట్టెం చారలు సాగిన దారాల్లా మిగులుతాయి. ఎక్స్‌రే తీస్తే పొరలు పొరలుగా విడిపోవడం కూడా తెలుస్తుంది. ఆధునిక ఉక్కు రేకులో చిట్టెం ఉండదు, కలిపిన మాంగనీస్ ఉంటుంది. అయస్కాంతం అంటుకుంది, అంటుకోలేదు అన్న వాదనను పక్కనపెట్టండి. పూర్తిగా తుప్పుగా మారిన అసలు ఇనుముకు అది సరిగా అంటుకోకపోవచ్చు, కొత్త ఉక్కుకు చక్కగా అంటుకుంటుంది.

కొన్ని హెల్మెట్లకు తెల్లటి కళాయి పూత, కొన్నిటికి బంగారు పూత ఉంటాయి. పాదరసంతో కలిపి కాల్చి పట్టించిన బంగారంలో పాదరసం జాడ మిగులుతుంది. కరెంటుతో పట్టించిన బంగారు పూత 1840 ప్రాంతం నుంచి వ్యాపారంలోకి వచ్చింది, అందులో పాదరసం ఉండదు.

పేరు రాత దగ్గరికి వద్దాం, ధర పెరిగేది దానితోనే. సైనికులు మెడ పలక మీద తమ పేరు, తాము చేరిన సెంచురీ అనే దళపు అధికారి పేరు చుక్కలతో పొడిచేవాళ్ళు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక కూలూస్ హెల్మెట్ మీద నలుగురి పేర్లున్నాయి, ఒకరి తర్వాత ఒకరు వాడుకున్నారు. ఇది తెలిసినవాళ్ళే పేర్లు లేని మంచి హెల్మెట్‌కు కూడా పేరు పొడుస్తారు. చూడాల్సింది చుక్క అడుగు. చిలుము చుక్క లోపలికి దిగి, అడుగున కూడా అదే పొరల వరసలో ఉండాలి. చుక్క చిలుమును చీల్చుకుని వెళ్ళి అడుగున పసుపు లోహం మెరిస్తే అది చిలుము తర్వాతి పని. మీరు పంపిన దగ్గరి ఫోటోలో మూడో అక్షరం దగ్గర రెండు చుక్కల అడుగు మెరుస్తోంది. గిన్నెతో కలిపే మెడ పలక సాగగొట్టారు కాబట్టి ఆ లోహమూ ఆధునికమే, రాత గురించి ఇక చర్చ అక్కర్లేదు.

ఇదంతా ఒక ఎత్తు, ఎక్కడ దొరికింది అన్నది ఒక ఎత్తు. 1910లో నెదర్లాండ్స్‌లోని డర్నె దగ్గర పీట్ (మొక్కలు కుళ్ళి పేరుకున్న చిత్తడి) నేలలో వెండి బంగారు తొడుగున్న అశ్వికుడి హెల్మెట్ దొరికింది. పక్కనే ఉన్న నాణేల్లో చివరివి క్రీ.శ. 319 ప్రాంతానివి కాబట్టి అది నేలలోకి వెళ్ళిన కాలం తెలిసింది, తొడుగు మీది రాతలో దళం పేరు తెలిసింది. అదే హెల్మెట్ ఒక్కటే బజారుకు వచ్చి ఉంటే "నాలుగో శతాబ్దం కావచ్చు" దగ్గర ఆగిపోయేవాళ్ళం.

దీనికి ఎదురుగా, 2010 మేలో ఇంగ్లండ్‌లోని క్రాస్బీ గ్యారెట్ దగ్గర మెటల్ డిటెక్టర్ వాడే వ్యక్తికి ముఖం తొడుగున్న అశ్విక హెల్మెట్ 33 పెద్ద, 34 చిన్న ముక్కలుగా దొరికింది. అప్పటి బ్రిటిష్ నిధుల చట్టం ప్రకారం విడి కంచు వస్తువు నిధి కిందికి రాదు. పూర్తి శాస్త్రీయ పరిశీలన జరగకముందే ముక్కలు అతికి, వేలానికి సిద్ధం చేశారు. అదే ఏడాది అక్టోబర్ 7న క్రిస్టీస్ వేలంలో సుమారు 23 లక్షల పౌండ్లకు పోయింది. కార్లైల్‌లోని టలీ హౌస్ మ్యూజియం ఎంత ప్రయత్నించినా దక్కించుకోలేకపోయింది. ఆ హెల్మెట్ అసలుదే. కానీ మట్టి అంటిన ముక్కల మీద చేయగలిగిన ఎన్నో పరీక్షలకు ఆ తొందరతో అవకాశం పోయింది. లెస్టర్‌షైర్‌లోని హాలటన్ హెల్మెట్‌ను మట్టి గడ్డతో సహా ఎత్తి తెచ్చి, బ్రిటిష్ మ్యూజియం కన్జర్వేటర్లు ఏళ్ళ తరబడి ఓపికగా విప్పారు, 2012లో గానీ జనానికి చూపించలేదు. రెండిట్లో ఏది సరైన పద్ధతో నాకు ఏ సందేహమూ లేదు.

మీ విషయంలో "రైన్‌లాండ్ పాత సేకరణ" అనే మాటకు విలువ లేదు. ఎవరి సేకరణ, ఏ ఏడాది కొన్నారు, రసీదు ఏది, పాత ఫోటో ఉందా, ఏ వేలం కేటలాగులో ఏ నంబరు? బెర్లిన్‌కు చెందిన ఆక్సెల్ గుట్‌మాన్ లాంటి ప్రసిద్ధ సేకర్త పేరు చెబితే ఆ సేకరణ జాబితా నంబరు, కేటలాగు పేజీ అడిగి, ఫోటోలో గీతతో గీత పోల్చండి. జర్మనీలో 2016 నుంచి అమలైన సాంస్కృతిక వస్తువుల చట్టం వ్యాపారి మీదే మూలం తనిఖీ చేసే బాధ్యత పెట్టింది. బయటి దేశాల నుంచి వచ్చిన 250 ఏళ్ళు దాటిన తవ్వకపు వస్తువులకు 2025 జూన్ 28 నుంచి యూరోపియన్ యూనియన్‌లో దిగుమతి అనుమతి తప్పనిసరి. ఈ ప్రశ్నలకు విసుక్కునే వ్యాపారి దగ్గర మాట పొడిగించకండి.

ఇక చేయాల్సింది. డబ్బు ఇవ్వొద్దు, అడ్వాన్సు కూడా వద్దు. ఈ వారాంతం ఫ్రాంక్‌ఫర్ట్ పురావస్తు మ్యూజియంకు వెళ్ళి అక్కడి హెడర్న్‌హైమ్ హెల్మెట్ ముందు కాసేపు నిలబడండి, బాడ్ హోంబుర్గ్ దగ్గరి సాల్‌బుర్గ్ రోమన్ కోట కూడా దగ్గరే. అసలు లోహం అంచు ఎలా అరుగుతుందో కంటికి అలవాటైతే వ్యాపారి ఫోటోలు వేరుగా కనిపిస్తాయి. తర్వాత ఎడమ చెంప పలకవి రెండు ఫోటోలు అడిగి తెప్పించండి. ఒకటి వెనక వైపుది, పక్కనుంచి పడే వెలుతురులో. రెండోది మడత బందు దగ్గరిది, లోపలి కమ్మీ ఇనుముదో ఇత్తడిదో, తుప్పు పలక చిలుములోకి పాకిందో లేదో తెలిసేంత దగ్గరగా. ఆ తుప్పు చిలుముతో కలిసిపోయి ఉంటే పలక నిజమైనదని నేను మొగ్గుతాను. అప్పుడు అది ఏ నేలలోంచి వచ్చిందన్న ప్రశ్నతో మీరుండే హెస్సె రాష్ట్ర పురావస్తు కార్యాలయానికి రాయాలి, ఆ ఉత్తరం రాయడంలో నేను సాయం చేస్తాను. ఫోటోలు రాగానే ఇక్కడే పెట్టండి.